ఒకే మాట, మూడు చావులు

పత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనిపించే శీర్షిక ఒకటుంది: ‘కారుణ్య మరణానికి అనుమతించండి’. వార్తలోకి వెళ్లి చదివితే ఒకసారి పట్టా తగాదాలో ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతు కనిపిస్తాడు, కలెక్టరేట్ మెట్ల మీద అర్జీ పట్టుకుని. ఇంకోసారి బిడ్డ వైద్యానికి ఉన్నదంతా ఊడ్చిపెట్టిన దంపతులు. మరోసారి, నెలలుగా స్పృహలో లేని మనిషిని చూసి చూసి అలసిపోయిన కుటుంబం. అందరికీ పత్రిక వాడే మాట ఒక్కటే.

2016లో చిత్తూరు జిల్లాలో ఓ పసిబిడ్డ తల్లిదండ్రులు ఇదే మాటతో కోర్టు గుమ్మమెక్కారు. పాపకు కాలేయం చెడిపోయింది. కాలేయ మార్పిడి చేస్తే బతుకుతుంది, చేయించే స్తోమత వాళ్లకు లేదు. వార్త బయటికి పొక్కాక రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది, శస్త్రచికిత్స జరిగింది. ఆ అర్జీలో ‘మరణం’ అని ఉన్నచోట ‘డబ్బు’ అని దిద్దుకుని చదివితే అసలు సంగతి అర్థమయ్యేది. చావుకు అనుమతి అడిగితే తప్ప బతకడానికి సాయం దొరకదని వాళ్లకు ఎవరు నేర్పారో వేరే చెప్పాలా?

ఇక నయం కాదని తేలిన రోగి చనిపోవడానికి వైద్యుడు సాయం చేయవచ్చా అన్న వాదన ప్రపంచంలో చాలా చోట్ల నడుస్తోంది. మన దగ్గర అది మొదలవగానే చిక్కుపడుతుంది, కారణం చాలావరకు ఈ మాటే. కారుణ్య మరణం అనే ఒక్క గోనెసంచిలో మనం మూడు వేర్వేరు పనులను కుక్కేశాం. మూడింటికీ చట్టం వేరు, నీతి వేరు. విడదీయడానికి ఒక ప్రశ్న చాలు: ఆఖరి పని ఎవరి చెయ్యి చేస్తుంది?

మొదటి దానిలో ఎవరి చెయ్యీ చేయదు. వెంటిలేటర్ తీసేస్తారు, లేదా అసలు పెట్టరు, డయాలసిస్ ఆపేస్తారు. మనిషిని తీసుకుపోయేది అప్పటికే ఒంట్లో ఉన్న జబ్బు. రెండో దానిలో ఆ చెయ్యి వైద్యుడిది. రోగి కోరిక మేరకు ఆయనే సూది మందు ఇస్తాడు. మూడో దానిలో వైద్యుడు మందు రాసివ్వడం వరకే. తాగాలో వద్దో, ఎప్పుడు తాగాలో రోగి ఇష్టం, తాగేదీ రోగే. భారతదేశంలో చెల్లుబాటయ్యేది మొదటిది ఒక్కటే. రోగి ఒప్పుకున్నా సరే, సూది వేసిన వైద్యుడు నరహత్య నేరం కిందికి వస్తాడు. మందు రాసిచ్చిన వైద్యుడి మీద ఆత్మహత్యకు తోడ్పడ్డాడని భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద కేసు పడుతుంది. శిక్ష పదేళ్ల దాకా ఉండవచ్చు.

ఈ మూడు అరల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడని మనిషి ఒకడు మన హైదరాబాద్‌లోనే ఉండేవాడు. వెంకటేశ్ చదరంగం ఆటగాడు. కండరాలు క్రమంగా క్షీణించే డ్యూషెన్ జబ్బు చిన్నప్పుడే పట్టుకుంది. 2004 నాటికి పాతికేళ్ల వాడు, ఆసుపత్రి మంచం మీద, యంత్రాల ఆసరాతో ఉన్నాడు. అతను అడిగింది చావు కాదు, చావుకు ముహూర్తం. అవయవాలు చెడిపోకముందే ప్రాణాధార యంత్రాలు తీసేస్తే, అవి నలుగురికి అమర్చవచ్చన్నది అతని కోరిక. కొడుకు మాట చెల్లించడానికి తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం మెదడు మరణించిన వారి నుంచి అవయవాలు తీసుకోనిస్తుంది; వెంకటేశ్ మెదడు మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. హైకోర్టు కుదరదంది. డిసెంబరు 17న అతను చనిపోయాడు. కళ్లు మాత్రం దానంగా వెళ్లాయి.

ఆ కేసు గుర్తొచ్చినప్పుడల్లా నన్ను తొలిచే విషయం ఒకటుంది. అతను నొప్పి భరించలేక చావు కోరలేదు. తన చావు తన చేతిలో, తనకు నచ్చిన అర్థంతో ఉండాలన్నాడు. ఈ చర్చను నొప్పి చుట్టూ తిప్పేవాళ్లు, అటువైపైనా ఇటువైపైనా, ఈ ముక్క వదిలేస్తారు.

మన కోర్టుల దారి ఎలా సాగిందో క్లుప్తంగా చూద్దాం. బతికే హక్కులోనే చచ్చే హక్కూ ఉందని 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు సభ్యుల ధర్మాసనం అంది. రెండేళ్లకే జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. కొట్టేస్తూనే ఒక కిటికీ తెరిచి ఉంచారు: సహజంగా ముగియబోతున్న జీవితం గౌరవంగా ముగియడం జీవించే హక్కులో భాగమే అన్నారు. ఆ కిటికీలోంచే తర్వాత వెలుగంతా వచ్చింది.

2011లో అరుణా శాన్‌బాగ్ కేసు. ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973లో అదే ఆసుపత్రిలో ఆమె మీద అత్యాచారం చేసి, గొలుసుతో గొంతు బిగించారు. మెదడుకు రక్తం అందక ఆమె అప్పటి నుంచి మంచానికే పరిమితమైంది. ఆహారం ఆపించాలని ఒక పాత్రికేయురాలు వేసిన పిటిషన్‌ను కోర్టు తోసిపుచ్చింది, ఎందుకంటే అరుణ తరఫున మాట్లాడే హక్కు ఆమెకు దశాబ్దాలుగా ముద్ద తినిపిస్తున్న కేఈఎం సిబ్బందిదే అంది. ఆ నర్సులు వద్దన్నారు. 2015లో న్యుమోనియాతో చనిపోయేదాకా ఆమెను వాళ్లే చూసుకున్నారు. అయినా చికిత్స ఆపడం సూత్రప్రాయంగా సమ్మతమేనని చెప్పిన తీర్పు ఇదే కావడం విచిత్రం. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని హక్కుగా స్థిరపరచింది. స్పృహలో ఉండగానే ‘నాకు ఫలానా స్థితి వస్తే ఈ చికిత్సలు వద్దు’ అని రాసిపెట్టుకునే జీవన వీలునామాను కూడా గుర్తించింది. రెండో పని, మూడో పని మాత్రం నేరాలుగానే మిగిలాయి.

ఇక్కడే ఒక వింత తలెత్తుతుంది. యంత్రం మీద ఆధారపడిన రోగికి ఒక దారి ఉంది: యంత్రం తీసేయమనవచ్చు. గొంతు క్యాన్సరుతో గుక్క మింగలేక, ఏ యంత్రమూ లేకుండా ఇంట్లో మంచం మీద మూలిగే రోగికి తీయించుకోవడానికి ఏముంది? ఇద్దరి కోరికా ఒకటే, ఇద్దరి జబ్బూ నయం కానిదే. తేడా అల్లా ఒకరి గొంతులో గొట్టం ఉంది, ఇంకొకరి గొంతులో లేదు. సాయంతో మరణం కావాలనేవారి వాదనలో అన్నిటికన్నా బలమైన అంశం ఇదేనని నా ఉద్దేశం. దీనికి ఎదుటివారి జవాబు: గొట్టం తీసేటప్పుడు వైద్యుడి ఉద్దేశం రోగిని విడిచిపెట్టడం, మందు రాసేటప్పుడు ఉద్దేశం చంపడం, ఆ గీత చెరిగిపోతే తెల్లకోటు చూసి రోగి భయపడే రోజు వస్తుంది. ఈ జవాబులో పస లేదని అనను. అయితే ఆ గీత తీర్పుల్లో కనిపించినంత దళసరిగా ఐసీయూలో కనిపించదు.

మూడో పనిని చట్టం చేసి, ఎక్కువ కాలం నడిపి చూపించిన చోటు అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం. 1994లో ప్రజలు ఓటు వేసి స్వల్ప ఆధిక్యంతో తెచ్చుకున్నారు. 1997లో రద్దు చేద్దామా అని మళ్లీ అడిగితే వద్దని ఇంకా గట్టిగా చెప్పారు. రోగికి 18 ఏళ్లు నిండాలి. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు తేల్చాలి. మతి స్థిమితంగా ఉండాలి. నోటితో రెండుసార్లు, రాతపూర్వకంగా ఒకసారి అడగాలి. మందు తన చేత్తో తానే తీసుకోవాలి.

పాతికేళ్లకు పైబడిన ఆ లెక్కల్లో రెండు విషయాలు చూడదగ్గవి. మందు రాయించుకున్న ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరు దాన్ని ముట్టనే ముట్టరు. సీసా అలమరలో ఉంటుంది, మనిషి జబ్బుతోనే పోతాడు. తలుపుకు గడియ లేదని తెలిస్తే గదిలో ఉండగలగడం లాంటిది అది. రెండోది, ఎందుకు కావాలన్నారో వైద్యులు నమోదు చేస్తారు. అన్నిటికన్నా పైన ఉండేది నొప్పి కాదు. తన మీద తనకు అదుపు పోవడం, ఇష్టమైన పనులు చేయలేకపోవడం, గౌరవం కోల్పోవడం, ఇవి ముందు వస్తాయి. నొప్పి, నొప్పి వస్తుందేమోనన్న భయం చాలా కింద ఉంటాయి. వెంకటేశ్ చెప్పిందీ అదే కదా. ఇంకో సంగతి, కుటుంబానికి భారమవుతామన్న మాట కూడా ఆ జాబితాలో తక్కువ స్థానంలో ఏమీ లేదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక ఆరు నెలలు అనేది వినడానికి గణితంలా ఉంటుంది గానీ, కాదు. 2000లో షికాగో ప్రాంతపు పరిశోధన ఒకటి, చివరి దశ రోగులు ఎన్నాళ్లు బతుకుతారో వైద్యులు వేసిన అంచనాలను పరీక్షించింది. దగ్గరగా వచ్చినవి అయిదింట ఒకటి. మిగతావాటిలో ఎక్కువ భాగం రోగి వాస్తవం కన్నా ఎక్కువ కాలం బతుకుతాడని ఆశపడినవే. అంటే వైద్యులు జోస్యంలో మనలాంటివాళ్లే. అటువైపు తప్పితే రోగి అర్హత వచ్చేలోపే పోతాడు, ఇటువైపు తప్పితే ఇంకా ఏడాది బతకాల్సినవాడు మందు తాగుతాడు.

కెనడా కథ వేరు. 2015లో అక్కడి సుప్రీంకోర్టు నిషేధం చెల్లదంది, 2016లో చట్టం వచ్చింది. కానీ కంచె వేసిన చోటు వేరు. ఓరెగన్ అడిగేది ‘నీకు ఎన్నాళ్లుంది?’ అని. కెనడా కోర్టు అడిగింది ‘నీ బాధ భరించరానిదా?’ అని. పార్లమెంటు దానికి ‘సహజ మరణం కనుచూపు మేరలో ఉండాలి’ అనే షరతు జోడించింది. 2019లో ఇద్దరు వికలాంగులు వేసిన కేసులో క్యూబెక్ కోర్టు ఆ షరతును కొట్టేసింది, 2021లో చట్టం మారింది. ఇప్పుడు చావుకు దగ్గరలో లేనివారు కూడా అడగవచ్చు. మానసిక వ్యాధి ఒక్కటే ఉన్నవారికీ ఇవ్వాలా అన్నదాన్ని 2027 దాకా వాయిదా వేశారు. 2023లో ఇలా పోయినవారు 15,343 మంది. ఆ ఏడాది ఆ దేశపు మరణాల్లో 4.7 శాతం. దాదాపు అందరికీ సూది వేసింది వైద్య సిబ్బందే.

ఒక మెట్టు దిగితే కిందిదాకా జారిపోతామని వ్యతిరేకులు అంటారు. ఓరెగన్‌ను చూపించి అబద్ధమంటారు ఒకరు, కెనడాను చూపించి నిజమంటారు ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆరు నెలలు అనే కంచె, ఎంత వంకరగా ఉన్నా, కదలకుండా ఉంటుంది. బాధ అనే కంచె నిలవదు, ఎందుకంటే బాధే హక్కుకు ఆధారమైతే చావుకు దగ్గరగా ఉన్నవాడికి ఇచ్చి, ఇరవై ఏళ్లు అదే బాధ పడాల్సినవాడికి ఇవ్వననడానికి తర్కం దొరకదు. జారుడు ఉందా లేదా అన్నది వాలును బట్టి ఉంటుంది, ఆ వాలును నిర్ణయించేది చట్టంలోని మొదటి వాక్యం.

బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ ఓరెగన్ బాట ఎంచుకుంది. 2024 నవంబరులో కామన్స్ సభలో బిల్లుకు 330 మంది అవునన్నారు, 275 మంది కాదన్నారు. ఏడు నెలల పాటు ఒక్కో నిబంధనా చర్చించాక, 2025 జూన్‌లో ఆ తేడా 314కు 291గా చిక్కిపోయింది. వ్యతిరేకించినవారిలో మతవాదులే కాదు, వికలాంగుల సంఘాల వారు, నయం కాని జబ్బులో బాధ తగ్గించే ఉపశమన చికిత్స చేసే వైద్యులు ఉన్నారు. చావు పక్కనే రోజూ కూర్చునేవాళ్లు ఇంత గట్టిగా తటపటాయిస్తే దూరం నుంచి చూసేవాళ్లం కాస్త ఆగి వినాలి.

ఈ చర్చ మనవాళ్లకు మరీ అంత దూరంలోనూ లేదు. కాలిఫోర్నియాలో 2016 నుంచి, న్యూజెర్సీలో 2019 నుంచి ఇలాంటి చట్టాలున్నాయి. ఫ్రీమాంట్‌లోనో ఎడిసన్‌లోనో స్థిరపడిన తెలుగువారికి ఉన్న హక్కు డాలస్‌లో ఉన్నవారికి లేదు.

ఇప్పుడు మన నేల మీదికి. 2019లో మా మేనమామ ఊపిరితిత్తుల క్యాన్సరుతో నగరంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. తొమ్మిదో రోజు మమ్మల్ని చిన్న గదిలోకి పిలిచి డాక్టరు చెప్పిన మాట: ‘మీ ఇష్టం. ఉంచమంటే ఉంచుతాం.’ ఇంకేం చెప్పలేదు. రోజుకు ఎంతవుతుందో మాత్రం కౌంటరులో చెప్పారు. బావ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా సొంత బాధ్యతపై తీసుకెళ్తున్నాం’ అని దాని మీద ముందే అచ్చు వేసి ఉంది. విరుద్ధంగా పోవడానికి అక్కడ సలహా అంటూ ఏదైనా ఇస్తే కదా!

ఊరు అరవై కిలోమీటర్లు. అంబులెన్సులో వెంటిలేటర్ లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు దారి పొడవునా చేత్తో గాలి సంచి నొక్కుతూ వచ్చాడు. ఇంటి వసారాలో మంచం వాల్చాం, అత్తయ్య తులసి నీళ్లు పోసింది. ఆ కుర్రాడు చేతులు మార్చుకుంటూ, నొక్కడం ఆపకుండానే బావ వైపు చూసి అడిగాడు: ‘తీసేయమంటారా, అన్నా?’ బావ ఏమీ అనలేదు. అత్తయ్య తలూపింది.

అప్పటికి సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఏడాది దాటింది. ఆ పని చేయడానికి ముందు రెండు వైద్య మండళ్లు కూర్చోవాలి, మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి చూడాలి అన్నది అప్పటి నిబంధన. మా ఇంట్లో ఆ మండళ్లు, ఆ మేజిస్ట్రేటు అన్నీ ఆ కుర్రాడే. తెలుగునాట ఐసీయూ గడప తొక్కిన ఏ కుటుంబాన్ని అడిగినా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది. ‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్న మాటే మన నిజమైన చట్టం. దానిలో పాపం కుటుంబానిది, కాగితం ఆసుపత్రిది. అద్దె ఇంట్లో ఉండేవారికి ఆ మాట కూడా అక్కరకు రాదు. ప్రాణం పోయేవాళ్లను గేటు లోపలికి రానివ్వని ఇళ్ల యజమానులు నగరాల్లో తక్కువేమీ కాదు.

నొప్పి సంగతి ఇంకా సిగ్గుచేటు. నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సుతో సాగవుతుంది, విదేశాలకూ వెళ్తుంది. అందులోంచి వచ్చే మార్ఫిన్ మన క్యాన్సరు రోగికి దొరకడమే గగనం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో చట్టం సడలించినా ఆ భయం పోలేదు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఉంది, తెలంగాణలో కొన్ని జిల్లా కేంద్రాలూ పెట్టారు. అయినా ‘మార్ఫిన్ ఇస్తే మనిషి పోతాడు’ అనే వైద్యులు ఇంకా తగులుతూనే ఉన్నారు. తగిన మోతాదులో ఇస్తే అది చంపదు, నిద్రపోనిస్తుంది.

మా అమ్మమ్మ రోజూ సంధ్యాదీపం దగ్గర చదివే శ్లోకం చాలా ఇళ్లలో వినిపించేదే: ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’. మొదటి సగాన్ని ఈ చర్చలో అందరూ ఉటంకిస్తారు. రెండో సగం ఊసెత్తరు. దైన్యం లేని బతుకు అడిగాకే ఆయాసం లేని చావుకు అర్థం. ఓరెగన్‌లో మందు రాయించుకున్నవారిలో అత్యధికులకు బీమా ఉంది, ఇంటికొచ్చి చూసే హాస్పిస్ సేవ ఉంది. వాళ్లు ‘భారం’ అంటే అది చాలావరకు మనసు మీది భారం. మన దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో సుమారు 40 శాతం జనం జేబులోంచే పోతోంది. మన ముసలివాళ్లు ‘ఎవరికీ భారం కాకుండా పోవాలి’ అంటే అందులో రెండెకరాల పొలం, మనవరాలి ఇంజనీరింగు ఫీజు కూడా కలిసి ఉంటాయి. అలాంటి ఇంట్లో మూడో పనికి చట్టం తెస్తే, మందు అడుగుతున్నది రోగా, ఆ పొలమా అన్నది ఏ ఇద్దరు వైద్యులు తేలుస్తారు? అందుకే గొంతులో గొట్టం లేని రోగి వాదన నాకు సమంజసంగా తోచినా, ఇక్కడ, ఇప్పుడు ఆ చట్టం రావాలని నేను అడగలేను. ఈ మాట ఓ క్యాన్సరు రోగి మంచం పక్కన నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదని కూడా ఒప్పుకుంటాను.

ఉన్న చట్టమైనా వాడుకుందామంటే 2023 జనవరిలో సుప్రీంకోర్టు దారి కొంత సులువు చేసింది. జీవన వీలునామా మీద మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. ఆసుపత్రిలో ముగ్గురు వైద్యుల మండలి, దాని మీద మరో ముగ్గురి మండలి, ఒక్కొక్కటీ వీలైతే 48 గంటల్లో తేల్చాలి. రెండో దానిలో ఒకరిని జిల్లా వైద్యాధికారి నియమిస్తారు. మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తే సరిపోతుంది. వీలునామా ప్రతిని మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఒక అధికారి భద్రపరచాలి. 2025 జనవరిలో కర్ణాటక దీన్ని అమలు చేయమని ఉత్తర్వు ఇచ్చింది.

పోయిన ఏడాది నేనూ ఒకటి రాసుకున్నాను. ఇంట్లో చెబితే అమ్మ చెవులు మూసుకుంది, తథాస్తు దేవతలు తిరిగే వేళట. సాక్షులుగా ఎదురింటి మాస్టారిని, ఒక స్నేహితుణ్ని వెంటబెట్టుకుని నోటరీ దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి, చివరి పేజీలో ఏదో వెతికాడు.

‘వీలునామా అన్నారు. సర్వే నంబర్లు ఎక్కడండీ?’

లేవని చెప్పాను. ఇందులో ఆస్తి లేదు, వెంటిలేటర్ గురించి మాత్రమే ఉంది అన్నాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివాడు. ముద్ర వేసి, సంతకం చేసి, రిజిస్టరులో నా పేరు రాసుకున్నాడు. మాస్టారు బయట చెప్పులు వేసుకుంటుండగా నన్ను వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: ‘దీని నమూనా ఒకటి నాకూ ఇస్తారా?’